జంతుశాస్త్రం చదివితే ఏం చేస్తారు?

జువాలజీ అంటే మెడికల్ సీటు రానివాళ్ళ చదువన్న అభిప్రాయం గుంటూరులోని మా బంధువుల్లో ఇప్పటికీ ఉంది. నేను నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరినప్పుడు పెదనాన్నగారు, "అయితే టీచరువవుతావా అమ్మా?" అని జాలిగా అడిగారు. టీచరు ఉద్యోగం జాలిపడవలసినదేమీ కాదనుకోండి.

పాఠం నాకు నిజంగా పట్టుబడింది గుంటూరు దగ్గర పక్షుల కేంద్రమైన ఉప్పలపాడు చెరువు గట్టున. గూడబాతు పిల్ల తల్లి ముక్కుసంచిలోకి తల దూర్చి, సగం అరిగిన చేపను లాక్కొని తినడం అక్కడే చూశాను.

నా తోటివారిలో ఎక్కువమంది రొయ్యల రంగంలో స్థిరపడ్డారు. 2009లో వనామీ అనే రొయ్య రకం సాగుకు దేశంలో అనుమతి వచ్చాక కోస్తా జిల్లాల్లో రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలు, ల్యాబులు పెరిగాయి. రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ లేదని, దాని జన్యుపదార్థాన్ని పసిగట్టే పీసీఆర్ పరీక్షతో తేల్చాకే సీడును, అంటే రొయ్యపిల్లలను, చెరువులో వదలాలి కనుక, అక్కడ మా చదువుకు విలువ ఉంది. మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రేలోంచి రొయ్యను ఎత్తి చూస్తే వీపు వెంబడి మేత నిండిన పేగు ముదురు గీతలా కనిపించాలి. ఆ పేగు తెల్లబడితే జబ్బేమోనని రైతుకు నిద్ర ఉండదు.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు జువాలజీ డిగ్రీ సరిపోతుంది. 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జంతుజాతుల వర్గీకరణ మీద పరిశోధన చేయవచ్చు. అయితే పరిశోధన ఫెలోషిప్‌కు, లెక్చరర్ అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జువాలజీకి విడిగా పేపరు లేదు, ఉన్నది లైఫ్ సైన్సెస్ ఒక్కటే. కాబట్టి పరిశోధన వైపు వెళ్ళదలచినవారు జీవరసాయనం, అణుజీవశాస్త్రం మొదటి సెమిస్టరు నుంచే చదువుకోవాలి.