రెండించుల నీళ్లంటే గంటకు ఎన్ని లీటర్లు?

అనంతపురం జిల్లాలోని మా నాలుగెకరాల చీనీ తోటకు డ్రిప్పు వేయించాలనుకున్నప్పుడు, బోరులో నీళ్లెన్ని ఉన్నాయని డీలరు అడిగితే రిగ్గువాళ్లు చెప్పిన మాటే చెప్పాను: రెండించులు. “ఇంచులు వద్దు, గంటకెన్ని లీటర్లో చెప్పన్నా. డ్రిప్పర్లు ఆ లెక్కనే వస్తాయి” అన్నాడు.

ఇంచు అసలు ప్రవాహానికి కొలతే కాదు. వి ఆకారపు గాడిలోంచి పారే నీటి ఎత్తు. తొంభై డిగ్రీల గాడిలో రెండించులంటే గంటకు సుమారు 2,900 లీటర్లు, కానీ ఎత్తు మరో అరఇంచు పెరిగితే నీళ్లు దాదాపు ముప్పావు వంతు పెరుగుతాయి. పైగా మా ఊళ్లో చాలామంది గాడి పెట్టకుండా, పైపు ఎంత నిండిందో చూసి ఇంచులు చెప్పేస్తారు.

అందుకని ఇరవై లీటర్ల క్యానుతో పదిసార్లు పోసి, డ్రమ్ములో 200 లీటర్ల దగ్గర గీత గీసి, పైపు దానిలోకి మళ్లించి, ఫోనులో సెకన్లు లెక్కపెట్టాను. 160 సెకన్లకు గీత అందింది, అంటే గంటకు 4,500 లీటర్లు. సంబరపడ్డాను గానీ, మోటారు వేసిన వెంటనే బోరులో నిలవ ఉన్న నీళ్లే అవి. గంటన్నర ఆడాక మళ్లీ చూస్తే 240 సెకన్లు పట్టింది. లెక్కకు తీసుకోవలసింది ఆ 3,000 లీటర్లే.

తుంగభద్ర ఎగువ కాలువ కింద పొలమున్న మా బావమరిది అన్నీ క్యూసెక్కుల్లోనే మాట్లాడతాడు. ఒక క్యూసెక్కు సెకనుకు 28.3 లీటర్లు కనుక, ఆ లెక్కన మా బోరు 0.03, దానితో వాల్వులు (తోటలో ఒక్కో భాగానికి విడిగా నీళ్లు వదిలేవి) పంచుకోలేము.

436 చెట్లకు, చెట్టుకు ఎనిమిది లీటర్ల డ్రిప్పర్లు నాలుగేసి పెడితే గంటకు 13,952 లీటర్లు కావాలి. డీలరు ఎకరాకొకటి చొప్పున నాలుగు వాల్వులు గీశాడు, కానీ ఒక్కోదానికి 3,488 లీటర్లు పడుతుంది కాబట్టి చివరి చెట్లకు నీరందదు. వాల్వుకు 88 చెట్లు మించకుండా ఐదు పెట్టించాను. పగటి కరెంటు తొమ్మిది గంటలే కనుక మూడేసి గంటల చొప్పున ఒకరోజు మూడు వాల్వులు, మరునాడు రెండు తిప్పుతున్నాను.

నెలకోసారి డ్రమ్ము పెట్టి, పుస్తకంలో సెకన్లు మాత్రమే రాసుకుంటాను. పోయిన వారం 252 పట్టింది: గంటకు 2,857 లీటర్లు, వాల్వు అవసరం కన్నా నలభై లీటర్లే ఎక్కువ.