మాత్ర వేసుకున్న రోజుల లెక్క

"నెలలో తలనొప్పి బొత్తిగా లేని రోజులు ఎన్ని ఉంటాయమ్మా?" అని అడిగారు తలనొప్పికి కొత్తగా చూపించుకున్న డాక్టర్ గారు.

ఎన్నిసార్లు వస్తుందని అడుగుతారనుకుని వెళ్లాను. దానికి జవాబు సిద్ధంగానే ఉంది, వారానికి రెండుసార్లు అని. ఈ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. పది దాటలేదు. పెద్ద నొప్పి వచ్చిన రోజులనే నేను తలనొప్పి అనుకుంటూ వచ్చాను. మిగతా రోజుల్లో కణత దగ్గర సన్నగా మూలుగుతూ ఉండేదాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, నాకు కాలేజీ రోజుల నుంచీ తోడుంది. ముప్ఫై ఎనిమిదో ఏట రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వచ్చి చేరింది. మూలిగే నక్క మీద తాటిపండు అంటారే, అలాగ. కీళ్లకు ఒక డాక్టరు, తలకు ఒక డాక్టరు. ఒకరు రాసింది రెండోవారికి చూపించాలన్న ఆలోచన నాకు రాలేదు, వాళ్లూ అడగలేదు. అంతకుముందు నేను వెళ్లిన ఇంకో డాక్టరైతే "నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి వేసుకోండి" అని రాసిచ్చి పంపేశారు. ఆ "వచ్చినప్పుడల్లా"ను నేను అక్షరాలా పాటించాను.

కొత్త డాక్టర్ గారు మందేమీ మార్చకుండా ముందు ఒక నెల రాసుకుని రమ్మన్నారు. ఫోన్లో రాసుకునే ఆప్‌లు చాలా ఉన్నాయి కానీ, నొప్పిలో స్క్రీన్ చూస్తే కడుపులో తిప్పుతుంది. అందుకని గోడ క్యాలెండరే ఎంచుకున్నాను. తలనొప్పి ఉంటే చుక్క, నొప్పి మాత్ర వేసుకుంటే అడ్డగీత. మాత్ర తలకు వేసుకున్నా, మోకాలికి వేసుకున్నా గీత గీయాల్సిందే అని ఆయన గట్టిగా చెప్పారు. అదేం షరతు అనుకున్నాను అప్పుడు.

నెలాఖరుకు చుక్కలు 19, గీతలు 23.

తలనొప్పి ఉన్న రోజులకంటే మాత్ర వేసుకున్న రోజులే ఎక్కువ! ఆ క్యాలెండర్ కాగితం ఆయన ముందు పెట్టినప్పుడు నాకు చదువురాని పిల్లలా సిగ్గేసింది. ఆయన మాత్రం మామూలుగానే చెప్పారు. మైగ్రేన్ ఉన్నవాళ్లు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అంతకంటే ఎక్కువ వాడుతూ మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టగలవట. ట్రిప్టాన్ల లాంటి మైగ్రేన్ మాత్రలకు ఆ హద్దు ఇంకా తక్కువ, నెలకు 10 రోజులే. ఏ నొప్పికి వేసుకున్నావన్నది మెదడుకు పట్టదు. కీళ్ల కోసం వేసుకున్నదీ తల ఖాతాలోకే వెళ్తుంది. నాకిన్నాళ్లూ రెండు జబ్బులు, రెండు ఖాతాలు అనే లెక్క. నేను చేసే ఉద్యోగమే పద్దులు రాయడం, నా పద్దు నేనే తప్పు రాసుకున్నాను.

అక్కడి నుంచి పని రెండు వైపులా మొదలైంది. తల డాక్టర్ గారు రాసిన ఉత్తరం పట్టుకుని కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కీళ్ల జబ్బును అదుపు చేసే మందు మెథోట్రెక్సేట్ మోతాదు పెంచారు. రోజూ నొప్పి మాత్ర అవసరం పడుతోందంటే అసలు జబ్బు అదుపులో లేదని అర్థం, ఆ మాట ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నారు. నిజమే, చెప్పాల్సింది. ఆ మందు గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇటు తలకు రాకుండా ఆపే మందుగా అమిట్రిప్టిలిన్, 10 మిల్లీగ్రాములతో మొదలు. అదీ వెంటనే పనిచేసేది కాదు. రెండు మందులూ నెమ్మదివే, మానాల్సిన మాత్ర మాత్రం రేపట్నుంచే మానాలి. మధ్యలో ఉన్న ఆ ఖాళీని ఎలా దాటడం?

ఆ మొదటి పది రోజుల గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. సెలవు పెట్టి పడుకున్నాను. మొదటి వారంలో తలనొప్పి తగ్గకపోగా ఎక్కువైంది. అలా అవుతుందని డాక్టర్ గారు ముందే చెప్పి ఉండకపోతే నాలుగో రోజే డబ్బా తెరిచేదాన్ని. ఆ డబ్బా మా ఆయన తన దగ్గర దాచిపెట్టారు. ఐదో రోజు రాత్రి "ఒక్కటి ఇవ్వండి, ఒక్కటంటే ఒక్కటి" అని బతిమాలాను. ఆయన ఇవ్వలేదు, తిట్టనూ లేదు. తడిగుడ్డ నుదుటి మీద వేసి, ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉందని దాన్నీ ఆపేసి, పక్కన కూర్చుని అట్టముక్కతో విసిరారు. పన్నెండో రోజున నిద్ర లేచేసరికి తల మామూలుగా ఉంది. మామూలుగా ఉండటం ఎలా ఉంటుందో మర్చిపోయాను కాబట్టి కాసేపు అనుమానంగానే పడుకున్నాను.

ఇలా మానడం అందరూ ఇంట్లో సొంతంగా చేయదగ్గ పని కాదని కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని రకాల మందులు ఉన్నట్టుండి ఆపకూడదు. నా మాత్రలు మామూలువి కాబట్టి ఒకేసారి ఆపమన్నారు.

ఇప్పుడు నా దినచర్య. ఇది ఎవరో చెప్పింది కాదు, తప్పులు చేస్తూ చేస్తూ కుదిరింది.

నా పొద్దు రాత్రే మొదలవుతుంది. పొద్దున లేచాక గంటన్నర దాకా నా వేళ్లు నావి కావు, కొయ్యముక్కల్లా బిగుసుకుని ఉంటాయి. నీళ్ల సీసా మూత తిప్పలేను, మాత్ర అట్టలోంచి మాత్ర నొక్కలేను. ఆ సమయంలోనే మైగ్రేన్ మొదలైతే, దొరికిన పది నిమిషాల్లో మాత్ర వేసుకోవాల్సిన చోట మూతతో కుస్తీ పట్టేదాన్ని. ఒకసారి పళ్లతో అట్ట చింపబోతే మాత్ర ఎగిరి మంచం కిందికి పోయింది. కళ్లు తెరిస్తే వెలుతురు పొడుస్తోంది, వంగితే తల పగిలిపోతోంది. నేలమీద చేత్తో తడుముకుంటూ ఏడ్చేశాను. అప్పట్నుంచి రాత్రి, వేళ్లు నా మాట వింటున్నప్పుడే, సీసా మూత వదులు చేసి పెట్టుకుంటాను. మాత్ర అట్ట అంచును కత్తెరతో కొద్దిగా కత్తిరించి ఉంచుతాను. బొత్తాలున్న బట్టలైతే పై రెండూ వదిలేసి మిగతావి పెట్టేసి తల మీంచి తొడుక్కునేలా తగిలిస్తాను. నవ్వొచ్చేంత చిన్న పనులు. కానీ నా పొద్దున్నలను గట్టెక్కించింది ఇవే.

అలారాలు రెండు. మొదటిది కూర్చోవడానికి, రెండోది నిలబడటానికి. మధ్యలో వేడినీళ్ల గిన్నెలో చేతులు ముంచి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ చాపుతూ ఉంటాను. సెలవు రోజైనా అదే టైం. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. వారమంతా పడ్డ కష్టానికి సెలవు రోజు పది దాకా పడుకుంటే ఎంత హాయి అనిపిస్తుంది కదా! క్యాలెండర్ చూస్తే సెలవు రోజుల మీదే చుక్కలు ముసిరి ఉన్నాయి. ఆలస్యంగా లేవడం, పొద్దుటి కాఫీ ఆలస్యం కావడం, తిండి ఆలస్యం కావడం, అన్నీ కలిసి ఒకేసారి మీద పడేవి. మైగ్రేన్ ఉన్న తలకు మార్పు గిట్టదు. మంచి మార్పైనా సరే.

పెద్ద నొప్పికి ఇప్పుడు నా దగ్గర ఉన్నది సుమాట్రిప్టాన్. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది ఇవ్వరు, నాకు అన్నీ చూసే రాశారు. నొప్పి చిన్నగా ఉన్నప్పుడే వేసుకోవాలి. మైగ్రేన్‌లో కడుపు కూడా మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే కూర్చుంటుంది. వాంతి మొదలయ్యాక వేసుకుంటే వేసుకోనట్టే. మరోపక్క ప్రతి చిన్న నొప్పికీ వేసుకుంటే పాత కథ మళ్లీ మొదలు. త్వరగా వేసుకో, తరచుగా వేసుకోకు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ఇప్పటికీ ఒక్కోసారి తెలియదు. వారానికి రెండు రోజులు మించకూడదని హద్దు పెట్టుకున్నాను. రెండో గీత పడ్డాక మూడో నొప్పి వస్తే చీకటి గదే మందు.

ఆఫీసు సంగతికొస్తే, ఒక మధ్యాహ్నం నాలుగంకెల సంఖ్య కూడుతుంటే మూడో అంకె కనపడలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నాను. అంకె ఉన్నచోట చిన్న మెరుపు, అది మెల్లగా రంపపు పళ్ల అంచులాగా వంపు తిరిగి పెరుగుతూ పక్కకి జరిగింది. కళ్లు మూసుకున్నా కనిపిస్తూనే ఉంది. దీన్నే ఆరా అంటారు. ఐదు నిమిషాల నుంచి గంట దాకా ఉండొచ్చు, నాకు ఇరవై నిమిషాలు ఉంటుంది. ఆ ఇరవై నిమిషాల్లో అక్షరాలు చదవలేను, మెసేజ్ టైప్ చేయలేను. అందుకే "మైగ్రేన్ వచ్చింది, రెండు గంటలు అందుబాటులో ఉండను, రేపు పొద్దున ఫోన్ చేస్తాను" అని ముందే రాసి ఫోన్లో దాచుకున్నాను. ఒక్క నొక్కుతో మా మేనేజర్‌కు వెళ్తుంది. ముందు ఆయనకు చెప్పడానికి చాలా తటపటాయించాను. చెప్పాక "తలనొప్పే కదా" అన్నారు. నేను క్యాలెండర్ కాగితం ఫొటో చూపించాను. మాటలతో చెప్పినన్నాళ్లూ నాది సాకు, కాగితం మీదికి వచ్చాక లెక్క అయింది. నా కుర్చీని కిటికీ వెలుగు ఎదురుగా పడని చోటికి మార్చారు. అంతకంటే నేనూ అడగలేదు.

తలనొప్పికి మందు చెప్పని మనిషి ఈ లోకంలో లేడు. అది తినకు, ఇది తాగకు, తలకు ఆ నూనె రాయి. నేనూ కొన్నాళ్లు డిటెక్టివ్‌లా ప్రతిదాన్నీ అనుమానించాను. చాక్లెట్ తిన్న సాయంత్రమే నొప్పి వస్తోందని చాక్లెట్ మానేశాను. నొప్పి మానలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, మైగ్రేన్ లోపల మొదలైపోతుందట. ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి తినాలనిపించడం అన్నీ అందులో భాగాలే కావచ్చు. అంటే చాక్లెట్ తిన్నందుకు నొప్పి రాలేదు, నొప్పి వస్తూ వస్తూ చాక్లెట్ అడిగింది. పాపం, దాని మీద అనవసరంగా నింద వేశాను. ఇప్పుడు మా అమ్మాయే కనిపెడుతుంది. "అమ్మా, ఇందాకటి నుంచి ఏడుసార్లు ఆవలించావు" అంటుంది, లైటు తీసేస్తూ.

నన్ను ఎక్కువగా దెబ్బతీసింది మాత్రం బాగున్న రోజులే. నొప్పి పోయిన మర్నాడు తల ఎవరో కడిగి ఆరేసినట్టు తేలిగ్గా ఉంటుంది. పేరుకుపోయిన పనులన్నీ ఆ ఒక్కరోజే చేసేసేదాన్ని. రెండో రోజుకు కీళ్లు వాచేవి, మూడో రోజుకు తల. ఇప్పుడు రోజూ పొద్దున పనులు రాసుకునే కాగితం మధ్యలో ఒక గీత గీస్తాను. గీతకు పైన మూడే పనులు, పాకుతూ అయినా చేయగలిగేవి. కింద ఉన్నవి ఒళ్లు సహకరిస్తే. మూడూ అయ్యాక, ఇంకా ఓపిక ఉన్నా ఒక అరగంట పడుకునే కిందివాటి జోలికి వెళ్తాను. బాగున్నప్పుడు పడుకోవడం నాకు ఇప్పటికీ దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఆ డబ్బా మిగతావాటితో కలపను. నేను శనివారం రాత్రి వేసుకుంటాను, మర్నాడు నీరసంగా ఉంటుంది. ఆదివారం కాగితంలో గీతకు కింద ఏమీ రాయను.

డాక్టర్ గారు ఒక చీటీ రాసిచ్చారు, బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను. ఒక్కసారిగా, క్షణాల్లో పతాకస్థాయికి చేరే నొప్పి. జ్వరంతో పాటు వచ్చే నొప్పి. ఒక పక్క చెయ్యో కాలో చచ్చుబడినా, మాట ముద్దగా వచ్చినా. ఇలాంటివైతే చీకటి గది, మాత్ర అనకుండా నేరుగా ఆసుపత్రికే. పాత మైగ్రేన్ మనుషులం ఏ నొప్పినైనా "ఇది మామూలేలే" అనేస్తాం, అందుకే అది నాకంటే మా ఆయనకు ఎక్కువ గుర్తుండాలి.

ఆరు నెలలయ్యాయి. పోయిన నెల చుక్కలు 8, గీతలు 6. పీరియడ్స్ ముందు వచ్చే రెండు రోజుల నొప్పి మాత్రం చెక్కుచెదరలేదు, దాని సంగతి వేరే చూద్దామన్నారు. మొన్న వెళ్లినప్పుడు మళ్లీ అదే ప్రశ్న, బొత్తిగా లేని రోజులు ఎన్ని అని. ఇరవై రెండు అన్నాను. ఆయన క్యాలెండర్ తీసుకుని తనూ లెక్కపెట్టుకున్నారు. ఇలాగే ఉంటే అమిట్రిప్టిలిన్ మెల్లగా తగ్గించి చూద్దామన్నారు. ఆ మందుకు నోరు ఎండిపోతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, నాలుగు కిలోలు పెరిగాను కూడా. అయినా తగ్గిద్దామనగానే గుండె గుభేలుమంది. ఆఫీసులో ఆడిట్ అయ్యేదాకా ఆగుదామని బేరమాడి వచ్చాను.