గంటా ఇరవై నిమిషాలే అన్నాడు

శ్రీకాకుళం నుంచి దుబాయ్‌లో మా అబ్బాయి ఇంటికి చేరి నాలుగు గంటలైంది. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

పాస్‌పోర్టు, వీసా పనులు సాఫీగా అయిపోయాయి. టికెట్లే కొంప ముంచాయి. మా ఊరి ఏజెంటు విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒకటి, అక్కణ్ణించి దుబాయ్‌కి వేరే కంపెనీలో ఇంకొకటి తీశాడు. అలా అయితే చవకట. "విశాఖ నుంచి గంటా ఇరవై నిమిషాలే మాస్టారూ, మధ్యలో రెండు గంటల పైనే ఉంది" అన్నాడు. నమ్మాను.

ఆనందపురం మీదుగా 100 కిలోమీటర్ల పైచిలుకు కారులో వెళ్లి విశాఖలో వేళకే దిగాం. సాయంత్రం 6:30 విమానం 40 నిమిషాలు లేటు. గాల్లో 510 కిలోమీటర్లు ఎంతసేపు? శంషాబాద్‌లో 8:30కి దిగాం. మా పెట్టెలు బెల్టు మీదికి వచ్చేసరికి 8:55. టికెట్లు వేరు కాబట్టి ఆ పెట్టెలు మనమే తోసుకుంటూ పై అంతస్తుకి వెళ్లి, గేటు దగ్గర మళ్లీ కాగితాలు చూపించి, మళ్లీ కౌంటర్లో అప్పగించాలి. దుబాయ్ విమానం 10 గంటలకి. కౌంటరు గంట ముందే మూసేస్తారు. మేం చేరేసరికి 9:05.

"క్లోజ్ అయిపోయింది సార్" అన్నాడు కుర్రాడు, తలెత్తకుండా. ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, అందరి ముందూ ఆ కుర్రాడికి చేతులు జోడించాను. మా ఆవిడ మోకాళ్ల నొప్పితో ట్రాలీ పట్టుకుని నిలబడింది. మొదటి విమానం లేటయితే తమకేం సంబంధం అన్నాడు. ఆ కంపెనీవాళ్లను అడిగితే, హైదరాబాద్ చేర్చడంతో తమ పని అయిపోయిందన్నారు. పెద్దవాళ్లను కూర్చోమని కూడా అనలేని ఉద్యోగం ఏం ఉద్యోగం? రాత్రంతా కుర్చీల్లోనే గడిపి, పొద్దున్న విమానానికి ఇద్దరికీ మళ్లీ టికెట్లు కొన్నాం. పాత డబ్బులు పోయినట్టే.

ఇంకో సంగతి. టికెట్ మీద 10 గంటలకి బయలుదేరి 12:20కి చేరుతుందని ఉంటే, ప్రయాణం రెండు గంటల ఇరవై నిమిషాలనే చెప్పాడు ఏజెంటు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు, అసలు ప్రయాణం మూడు గంటల యాభై నిమిషాలు. మా ఆవిడకి షుగర్. తిండీ మాత్రా ఎప్పుడో తెలియాలంటే ఈ లెక్క సరిగ్గా చెప్పాలి కదా! తిరిగి హైదరాబాద్ వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి తొందరగా చేరతామని మా అబ్బాయి చెప్పాడు.

మీరు మాత్రం రెండు విమానాలకీ కలిపి ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్ తీయించండి. కుదరకపోతే మధ్యలో ఐదు గంటలైనా ఉంచుకోండి. నా తిరుగు టికెట్ ఇవాళే అలా మార్పించాను. శ్రీకాకుళం వెళ్లాక ఆ వాడని టికెట్లు రెండూ ఏజెంటు బల్ల మీద పెట్టి అడుగుతాను.