21 రోజుల లెక్క

మాది బొబ్బిలి దగ్గరి పల్లె. ఆరో తరగతిలో ఉండగా గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు నా మోకాళ్లు వాచాయి. ఒక మోకాలు నెమ్మదించేసరికి రెండోది, అదీ తగ్గేసరికి చీలమండ పట్టేసేవి. ఎదిగే వయసు నొప్పులేనని చూపించిన చోట చెప్పారు, మేమూ నమ్మాం. గొంతులో చేరిన క్రిమితో పోరాడే శరీరం పొరపాటున తన గుండె కవాటాన్నే దెబ్బతీసుకునే రుమాటిక్ గుండె జబ్బు ఒకటుందని, నాకు వచ్చింది అదేనని, 2016లో పద్దెనిమిదేళ్ల వయసులో నాలుగు మెట్లు ఎక్కలేక విశాఖపట్నం వెళ్లినప్పుడు గాని తెలియలేదు. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకోవలసిన మైట్రల్ కవాటం నాలో ఒక చదరపు సెంటీమీటరు కూడా తెరుచుకోవడం లేదు. ఎన్టీఆర్ వైద్యసేవ (ఆరోగ్యశ్రీ) కింద, తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి దాన్ని వెడల్పు చేశారు. ఆ గొంతు క్రిమి మళ్లీ సోకకుండా అప్పటి నుంచి 21 రోజులకొకసారి 12 లక్షల యూనిట్ల పెన్సిలిన్ సూది వేయించుకుంటున్నాను. కనీసం నలభై ఏళ్లు నిండే వరకు మానకూడదన్నారు.

2023లో నెల తప్పినప్పుడు సంతోషం కంటే ముందు లెక్కలే గుర్తుకొచ్చాయి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుందని, ఆ రక్తమంతా, వెడల్పు చేసినా మామూలుకంటే ఇరుకుగానే ఉన్న ఆ కవాటం గుండానే పోవాలని, గుండె వేగంగా కొట్టుకునేకొద్దీ అది పోవడానికి వ్యవధి తగ్గిపోతుందని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. వేగం తగ్గించే మాత్ర రాశారు. సూది మాత్రం యథాప్రకారం సాగాలని, దానివల్ల బిడ్డకు హాని లేదని అమ్మకు రెండుసార్లు నచ్చజెప్పారు. ఏడో నెల నిండేసరికి వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు. ఒక దిండు రెండయింది, రెండు మూడయ్యాయి. పక్కనే చాప మీద పడుకున్న అమ్మ నేను దగ్గిన ప్రతిసారీ లేచి కూర్చునేది. ఆ రాత్రుల్లో ఆమె నిద్రపోగా నేను చూడలేదు.

కాన్పు విశాఖలోనే జరిగింది. నొప్పులు తెలియకుండా వెన్నులో మందు ఇచ్చి, నన్ను గట్టిగా ముక్కనివ్వకుండా, పరికరం సాయంతో బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల, 2.3 కిలోలు. ఏడుపు వినగానే గండం గడిచిందని బయట అందరూ దండాలు పెట్టుకున్నారట. అలా అనుకోవడం సహజమే గాని, నాలాంటి వాళ్ల విషయంలో అది నిజం కాదని ప్రతి కుటుంబానికీ ముందుగానే తెలియాలి. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకుని, తనలో ఉన్న రక్తాన్ని ఒక్కసారిగా గుండె వైపు తోస్తుంది. నెలల తరబడి పెరిగిన బరువును ఎలాగో మోసిన గుండెకు ఈ గంటలే కష్టమైనవి.

రాత్రి పదకొండు దాటాక గొంతులో గరగరమంది. అలసట అనుకుని కళ్లు మూసుకున్నాను. సెలైన్ చుక్కలు చూడటానికి వచ్చిన సిస్టర్ నా ముఖం చూసి, ఏమీ అడగకుండానే మంచం తల వైపు ఎత్తి, నా వీపు వెనక చెయ్యి పెట్టి కూర్చోబెట్టింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఆ నీరు మూత్రంగా పోయేలా నరానికి మందు ఎక్కించి, ఆక్సిజన్ పెట్టారు. మంచం పక్కన వేలాడే మూత్రపు సంచిలో గీతలుంటాయి. అది 200 దాటింది, 500 దాటింది. ఒక్కో గీత నిండేకొద్దీ నాకు ఒక్కో గుక్క గాలి ఎక్కువగా దొరికింది. తెల్లవారుజామున పాపను తెచ్చి రొమ్ముకు అందించినప్పుడు, పడుకుని కాకుండా నిటారుగా కూర్చునే మొదటి పాలు ఇచ్చాను.

ఇంటికి వచ్చాక పథ్యం విషయంలో పెద్దవాళ్లతో కాస్త నలిగాం. బాలింత గదికి తలుపులు మూసి, కుంపటి పెట్టి, సాంబ్రాణి వేయడం మా వైపు ఆనవాయితీ. పొగ పడదని అమ్మ కుంపటిని అరుగు మీదకు చేర్చింది. అత్త ఎంతో ప్రేమతో తెచ్చిన ఎండుచేపలను ఉప్పు కారణంగా పక్కన పెట్టవలసి వచ్చినప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రిపూట పాపను ఎత్తుకుని తిప్పే పని అప్ప (మా అక్క) తీసుకుంది. నాకు మిగిలినది పాలివ్వడం, పాప ఊపిరి, నా ఊపిరి వింటూ ఉండటం.

కాన్పుకు ముందురోజు ఆసుపత్రిలోనే సూది వేశారు. కాబట్టి తర్వాతి సూది సరిగ్గా పాప 21వ రోజున, బారసాల నాడే పడింది. వాయిదా వేద్దామా అని ఇంట్లో అడిగారు. చదువుకునే రోజుల్లో నొప్పికి భయపడి మూడు సూదులు ఎగ్గొట్టిన సంగతి నాకు గుర్తుంది, అందుకే వద్దన్నాను. ఉదయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి వేయించుకుని వచ్చాను. ఆ మందు చిక్కగా ఉంటుంది, పిరుదు రెండు రోజులు రాయిలా బిగిసిపోతుంది. ఉయ్యాల దగ్గర ఒక పక్కకు ఒరిగి కూర్చున్న నన్ను చూసి, అత్త ఎవరికీ చెప్పకుండా బొంత నాలుగు మడతలు వేసి నా కిందకు జరిపింది.

ఆ తర్వాతి సూదికీ పాప నెలన్నర టీకాకూ ఒక్క రోజే తేడా. ఒక రోజు ఆగినా పరవాలేదని చెప్పి సిస్టరమ్మ రెండూ ఒకే పూట వేసింది, ముందు నాకు, తర్వాత పాపకు.