చిట్టి దవడ

"క్యాన్సర్ కాదన్నారుగా, మరి కోయించడం ఎందుకు?" పొద్దున తమ్ముడన్న మాట రాత్రి 11 దాటినా చెవిలోంచి పోవట్లేదు.

మా పిల్లి చిట్టి గడ్డం కింద నిమురుతుంటే వేలికి తగిలిన రోజు గుర్తొస్తోంది. మామూలు గడ్డయితే చర్మం కింద అటూ ఇటూ కదులుతుంది. ఇది కదల్లేదు. శనగగింజంత, రాయిలా, దవడ ఎముకకే అతుక్కుని ఉంది. చిట్టేమో కళ్లు మూసుకుని గురగురలాడుతోంది. నేను చెయ్యి తీయలేదు. తీస్తే దానికి తెలిసిపోతుందేమో అనిపించింది.

మొదట చూపించిన చోట పంటికి చీము పట్టిందన్నారు. ఎక్స్‌రే తీయరా అంటే అక్కర్లేదన్నారు. రెండు వారాలు రోజూ నోరు తెరిపించి మాత్రలు వేశాను. గడ్డ తగ్గలేదు, పిల్లి మాత్రం నన్ను చూస్తే మంచం కిందికి దూరేది. చీము పట్టినా దవడ అలాగే ఉబ్బుతుందట, నిజమే. అయినా ఒక్క ఎక్స్‌రే తీసుంటే! ఆ కోపం ఇంకా తగ్గలేదు.

రెండో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించారు. ఎముక అంచున తెల్లగా, నున్నగా ముద్ద. "పక్క ఎముకను తినేయలేదు, ఆస్టియోమా, అంటే క్యాన్సర్ కాని ఎముక గడ్డ కావచ్చు. కానీ పిల్లుల్లో ఎముక గడ్డలు ఎక్కువగా చెడ్డవే ఉంటాయి, ముక్క తీసి పరీక్షించకుండా, అదే బయాప్సీ లేకుండా తేల్చలేం" అన్నారు. రిపోర్టుకి ఎన్ని రోజులో! ఎముక ముక్కను యాసిడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాకే పలచగా కోసి చూస్తారట. ఆ రోజులన్నీ టెన్షనే.

తమ్ముడికి గట్టిగా మెసేజ్ పెడదామని మొదలుపెట్టి సగంలో చెరిపేశాను. క్యాన్సర్ కాదని రిపోర్టు చేతికొచ్చాక డాక్టరమ్మని నేను అడిగిందీ ఇదే కదా. "మంచి గడ్డయినా పెరగడం మానదమ్మా" అన్నారావిడ. అప్పటికే పళ్లు సరిగా కలవక తినే తిండి నోట్లో ఒక పక్క నుంచి జారిపోయేది. ఇంకా పెరగనిస్తే దవడలో పెద్ద ముక్కే తీయాలి. అంత తీస్తే పిల్లులు కుక్కల్లా తొందరగా తేరుకోవు, మెడ దగ్గర గొట్టం పెట్టి తినిపించాల్సి రావచ్చు. సీటీ స్కాన్‌లో ఎక్కడిదాకా ఉందో చూసుకుని, గడ్డతో పాటు చుట్టూ కొంచెం ఎముక తీశారు, అంతే. రేపు తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా మామూలుగానే చెబుతాను.

గొరిగిన చోట బొచ్చు ఇంకా రాలేదు. ఇందాక కుట్ల వైపు వేలు పోనిస్తే తల తిప్పేసింది. రెండో పక్క నిమరనిచ్చింది.