గ్రీస్‌లో మొదటి సెయిలింగా? అయోనియన్ దీవులకే వెళ్లండి

గ్రీస్‌లో సెయిలింగ్ అనగానే అందరూ సాంటోరిని, మైకొనోస్ అంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి అటు వద్దనే చెప్తాను. జులై, ఆగస్టుల్లో ఆ దీవులున్న ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి పట్టుకుందంటే రోజుల తరబడి వదలదు, గాలి బలాన్ని 0 నుంచి 12 దాకా కొలిచే బోఫోర్ట్ లెక్కలో 6, 7 దాకా పోతుంది, పిల్లలతో వెళ్లినవాళ్లు రేవు దాటలేక కూర్చోవాల్సి వస్తుంది. పడమటి వైపున్న అయోనియన్ దీవుల్లో వేసవి గాలికి ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది. పొద్దున నీళ్లు దాదాపు కదలవు, మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మాయిస్త్రో అనే గాలి లేస్తుంది, మామూలుగా బోఫోర్ట్ 3, 4, పొద్దు గూకేసరికి అదే తగ్గిపోతుంది.

ప్రెవెజా ఎయిర్‌పోర్టులో దిగితే లెఫ్కడా దీవి దగ్గరే. అక్కడ పడవ తీసుకుని మెగనీసి దీవి, ఇథాకా దీవిలోని కియోని, కెఫలోనియా ఉత్తర కొసన ఫిస్కార్డో చుట్టి రావచ్చు. 1953 భూకంపంలో కెఫలోనియా చాలావరకు నేలమట్టమైంది, ఫిస్కార్డో మాత్రం నిలబడింది, అందుకే ఆ పాత ఇళ్లు ఇప్పటికీ రేవు ఒడ్డునే కనిపిస్తాయి. నాకు వీటన్నిట్లోకీ అదే ఇష్టం.

అసలు టెన్షన్ సాయంత్రం పడవ కట్టేటప్పుడు. గట్టుకి మూడు నాలుగు పడవల పొడవు దూరంలో లంగరు వదిలి, గొలుసు జారవిడుస్తూ రివర్స్‌లో మెల్లగా గట్టు దాకా రావాలి, పక్క పడవ గొలుసు మీద మన లంగరు పడకూడదు, ఆ లోపు ఒకళ్లు ఫెండర్లు (పడవ రాసుకుపోకుండా పక్కన కట్టే గాలి బుడగలు) వేలాడదీసి ఇంకొకళ్లు తాడు పట్టుకుని వెనక నిలబడాలి. గాలి పక్కనుంచి కొడితే పడవ ముక్కు తిరిగిపోతుంది, కాబట్టి గాలి వచ్చే వైపు తాడే ముందు కట్టాలి. హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవల మీద నేర్చుకున్నవాళ్లకి గాలి లెక్క బాగానే తెలుస్తుంది, ఈ పని మాత్రం కొత్తే. ఆగస్టులో ఫిస్కార్డో గట్టు త్వరగా నిండిపోతుంది, పెందలాడే చేరుకోండి.

పడవ సొంతంగా నడపాలంటే అక్కడ సర్టిఫికెట్ అడుగుతారు, తోడు అనుభవమున్న ఇంకొకరు కూడా ఉండాలి. లేకపోతే పడవ నడిపే స్కిప్పర్‌ని పెట్టుకోండి, ఆ డబ్బు దండగ కాదు, పక్కనే నిలబడి నేర్చుకోవచ్చు. నా ఓటు జూన్‌కి. సెప్టెంబరులో నీళ్లు వెచ్చగా ఉంటాయి, జనం కూడా పలచబడతారు, కానీ 2020 సెప్టెంబరులో ఇయానోస్ తుపాను ఈ దీవుల మీదే విరుచుకుపడింది, ఆ నెలలో వెళ్తే రోజూ పొద్దున్నే వాతావరణ సూచన చూశాకే తాళ్లు విప్పండి.