ఆ పాట పాడిందెవరు?

మా పెద్దాడికి పదిహేడేళ్ళు. ఈ మధ్య వాడి గదిలోంచి వినిపించే పాటలు వాడికంటే, నాకంటే, ఆఖరికి మా మామయ్య గారికంటే కూడా వయసులో పెద్దవి. గిటార్ మీద మెల్లగా నాలుగు మెట్లు, ఆ వెంటనే గాల్లో తేలిపోతున్నట్టు సన్నటి మగగొంతు. 1939వో, 1941వో. ఇవన్నీ వాడికి ఫాల్అవుట్ అనే వీడియో గేమ్ వల్ల పరిచయమయ్యాయి. 2024లో అదే పేరుతో టీవీ సీరీస్ వచ్చాక వీడి స్నేహితులంతా మళ్ళీ ఆ పాత గేమ్‌ల వెంట పడ్డారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2077లో అణుయుద్ధం జరిగి అమెరికా బూడిదవుతుంది. మూడో భాగం కథ ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి, వాషింగ్టన్ శిథిలాల్లో నడుస్తుంది. ఆ ప్రపంచంలో కార్లు, పోస్టర్లు, ఇళ్ళు అన్నీ 1950ల అమెరికా మాదిరిగానే ఉంటాయి. ఆడేవాడి చేతికి ఒక యంత్రం ఉంటుంది. అందులో రేడియో పెట్టుకుని, కూలిన మెట్రో సొరంగాల్లో నడుస్తూ పాత పాటలు వినొచ్చు. హింస చాలా ఉంది, పదిహేడు దాటినవాళ్ళకే అని డబ్బా మీద ఉంటుంది. మేం కూడా వాడికి పదిహేడు నిండేదాకా ఆగమన్నాం, ఆగాడు.

మేముండేది మేరీలాండ్‌లో, వాషింగ్టన్‌కి మెట్రోలో వెళ్ళొచ్చేంత దూరంలో. ఆ మూడో భాగం తయారు చేసిన స్టూడియో కూడా ఇక్కడి రాక్‌విల్‌లోనే ఉంది. అంచేత మావాడు తెర మీద చూసే స్టేషన్లూ స్మారకాలూ అన్నీ వాడు ఎరిగినవే. ఊరు తెలిసినదే, పాటలే కొత్త.

మొదటి ఫాల్అవుట్ 1997లో వచ్చింది. మొదట్లో వినిపించే పాట ఇంక్ స్పాట్స్ అనే నల్లజాతి బృందం పాడిన 'మేబీ'. తయారు చేసినవాళ్ళు అసలు కోరుకున్నది అదే బృందం 1941లో పాడిన 'ఐ డోంట్ వాంట్ టు సెట్ ద వరల్డ్ ఆన్ ఫైర్'. హక్కులు కుదరక దీనితో సరిపెట్టుకున్నారు. ఆ కోరిక 2008లో మూడో భాగంలో తీరింది. ప్రపంచానికి నిప్పు పెట్టాలని లేదు, నీ మనసులో ఒక మంట రగిలిస్తే చాలు అని ఒక ప్రేమికుడు పాడుకున్న పాట అది. అణుబాంబు పడ్డ ఊరి మీద అది వినిపిస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

కార్లో వాడి ఫోన్‌లోంచి ఆ బృందం పాటలు వరసగా వింటుంటే రెండు సంగతులు గమనించాను. దాదాపు అన్నీ ఆ నాలుగు గిటార్ మెట్లతోనే మొదలవుతాయి. ముందు బిల్ కెనీ పై స్థాయిలో పాడతాడు. సగం అయ్యాక పాట ఆగి, అవే మాటల్ని హాపీ జోన్స్ మంద్రమైన గొంతుతో, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు చెప్తాడు. హరికథలో దాసుగారు కీర్తన ఆపి వచనంలోకి దిగినట్టే ఉంటుంది. ఆ హాపీ జోన్స్ 1944లోనే చనిపోయాడు. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటినా, ఆ గొంతు మా కార్లో ఉంది.

గేమ్‌లో ఒక రేడియో డీజే ఉంటాడు. పాటకీ పాటకీ మధ్య ఏవేవో కబుర్లు చెప్తుంటాడు. కానీ పాడినవాళ్ళ బతుకు ఎలా గడిచిందన్నది అక్కడ దొరకదు. అది ఇంట్లో వెతుక్కోవాల్సిందే. నేను మావాడికి పెట్టిన షరతు ఒక్కటే: ఏ పాటైనా నచ్చితే, ఎవరు పాడారో, ఏ ఊరివాళ్ళో, తర్వాత ఏమయ్యారో చదివి భోజనాల దగ్గర నాకు చెప్పాలి. వాడికి అది భారంగా అనిపించలేదు. గేమ్ గురించి అమ్మ అడగడమే వాడికి సంబరం.

అలా మా ఇంటికి రాయ్ బ్రౌన్ వచ్చాడు. మూడో భాగం రేడియోలో కసాయి పీట్ మీద ఒక హుషారు పాట ఉంది. పాడింది ఈయనే. ఆ మాటల్లో రెండో అర్థం ఉందని పిల్లాడికీ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని గురించి నేను పెద్దగా పట్టించుకోలేదు. మన జానపదాల్లో లేని సరసమా అది. నన్ను ఆపేసింది ఆయన కథ. 'గుడ్ రాకింగ్ టునైట్' రాసి, 1947లో పాడింది నల్లజాతి గాయకుడైన ఈ రాయ్ బ్రౌనే. మరుసటి ఏడు అదే పాట వైనోనీ హారిస్ గొంతులో ఇంకా పెద్ద హిట్ అయింది. 1954లో తెల్లజాతి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కూడా పాడాడు. రాక్ అండ్ రోల్ పుట్టుక గురించి చెప్పేవాళ్ళు ఈ పాటని దాటి వెళ్ళలేరు. అలాంటి పాట రాసిన మనిషి తర్వాత ఇంటింటికీ తిరిగి ఎన్‌సైక్లోపీడియాలు అమ్ముకున్నాడు. ఇది చదివి వినిపించిన రోజు మావాడు కంచం ముందు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అమ్మా, మరి ఎల్విస్ పేరు ఒక్కటే నాకు ముందే ఎలా తెలుసు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఆ రోజుల లెక్క తెలియాలి. స్వింగ్ అనే జాజ్ నాట్య సంగీతం వెలిగిన 1930లలో బ్యాండ్ అంటే డజను మందికి పైనే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక కుర్రాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోయారు, ప్రయాణాలు కష్టమయ్యాయి, అంతమందిని పోషించడం బరువైంది. దానికి తోడు 1942 ఆగస్టు నుంచి సంగీతకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది. కొన్ని కంపెనీలతో ఆ గొడవ 1944 చివరిదాకా సాగింది. ఆ తర్వాత నిలబడినవి చిన్న బ్యాండ్లు: ఒకటి రెండు శాక్సొఫోన్లు, పియానో, బేస్, డ్రమ్స్, వాటన్నిటి మీదా కేక వేసి పాడే ఒక గాయకుడు. దక్షిణాది పొలాల్లోంచి ఫ్యాక్టరీ పనుల కోసం ఉత్తరాది, పశ్చిమ నగరాలకి తరలివచ్చిన లక్షలాది నల్లజాతి కుటుంబాలు శనివారం రాత్రి నాట్యం చేసింది ఈ పాటలకే. వాళ్ళ రికార్డులని బిల్‌బోర్డ్ పత్రిక 1949 దాకా జాతి పేరుతో విడిగా జాబితా వేసేది. ఆ ఏడాది అక్కడ పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సూచించిన 'రిథమ్ అండ్ బ్లూస్' అన్న పేరు స్థిరపడింది. పేరు మారింది గానీ విడి పంక్తి అలాగే ఉంది. రేడియోలో, దుకాణంలో, హోటల్లో అన్నిచోట్లా విడి పంక్తే.

దూరాన ఎక్కడో కాదు, మా వాషింగ్టన్‌లోనే. నల్లజాతివాళ్ళకి తినుబండారం అమ్మం అనే హక్కు ఇక్కడి రెస్టారెంట్లకి లేదని సుప్రీంకోర్టు 1953లో గానీ తేల్చలేదు. మేరీ చర్చ్ టెరెల్ అనే పెద్దావిడ ఎనభై ఏళ్ళు పైబడ్డాక ఆ పోరాటం నడిపింది. జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. టి స్ట్రీట్‌లో నల్లజాతి ప్రేక్షకుల కోసం 1910లో కట్టిన హోవర్డ్ థియేటర్ ఇప్పటికీ ఉంది. పిల్లలిద్దరినీ తీసుకెళ్ళి ఆ వీధులన్నీ చూపించాం.

లింకన్ మెమోరియల్ మాత్రం మావాడే మాకు చూపించాడు. గేమ్‌లో అక్కడ ఒక కథ ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకున్న కొందరు, తల తెగిపోయిన లింకన్ విగ్రహాన్ని మళ్ళీ నిలబెట్టాలని చూస్తుంటారు. మెట్ల మీద నిలబడి అదంతా చెప్తుంటే, వాళ్ళ నాన్న మేరియన్ ఆండర్సన్ సంగతి చెప్పారు. నల్లజాతి గాయని అని ఈ ఊరి పెద్ద హాలు ఆమెకి ఇవ్వలేదు. 1939 ఏప్రిల్ 9న ఆమె ఈ మెట్ల మీదే నిలబడి, ఆరుబయట, సుమారు 75 వేల మంది ముందు పాడింది. ఇంక్ స్పాట్స్‌కి పెద్ద పేరు తెచ్చిన 'ఇఫ్ ఐ డిడంట్ కేర్' కూడా ఆ ఏడాదిదే. మావాడు టక్కున ఆ లంకె పట్టుకున్నాడు. ఆ ఏడు వాడికి ఒక్కసారిగా దగ్గరైంది.

నా తోటి తెలుగు తల్లిదండ్రులతో ఈ మాట గట్టిగానే అంటున్నాను, నొచ్చుకోవద్దు. మన పాట్‌లక్‌లలో ఇల్లు కొనే మాట వస్తే, "ఆ ఏరియా వద్దులే, నల్లోళ్ళు ఎక్కువ" అనేస్తారు. పక్కనే పిల్లలు పకోడీలు తింటూ వింటుంటారు. 1946 చట్టం ప్రకారం ఏడాదికి భారతదేశం నుంచి ఇక్కడికి వలస రానిచ్చింది వంద మందిని. ఆ తలుపు తెరిచింది 1965 చట్టం. దానికి ముందు ఏడే పౌరహక్కుల చట్టం వచ్చింది. జాతిని బట్టి మనిషిని కొలవడం తప్పని ఈ దేశం చేత ఒప్పించడానికి వీధుల్లో దెబ్బలు తిన్నది నల్లజాతివాళ్ళు. మా ఆయన పెదనాన్న గారు డెబ్బైల్లో డాక్టరుగా ఇక్కడికి రాగలిగారంటే, మేం ఇవాళ ఈ మేరీలాండ్‌లో ఉన్నామంటే, ఆ దెబ్బల పుణ్యం కొంత ఉంది. ఆ మాట పిల్లలకి మన నోటితో మనమే చెప్పాలి. అన్నమయ్య కీర్తన నేర్పినంత శ్రద్ధగా చెప్పాలి.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. అది స్కూల్ జాజ్ బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయిస్తుంది. దాని గేమ్ వేరు, కప్‌హెడ్. 1930ల కార్టూన్ల తీరులో చేత్తో గీసిన బొమ్మలు, టొరాంటో సంగీతకారుడు క్రిస్టఫర్ మాడిగన్ కొత్తగా రాసి, మనుషుల చేత వాయింపజేసిన బిగ్ బ్యాండ్ సంగీతం. ఈ వేసవిలో మామయ్య గారు వచ్చినప్పుడు అది సాధన చేస్తుంటే, ఆయన పక్కన కూర్చుని తొడ మీద తాళం వేశారు. ఆయన దెబ్బ నాలుగు లెక్కల్లో ఒకటికీ మూడుకీ పడుతోంది. "కాదు తాతయ్యా, రెండుకీ నాలుగుకీ" అని అది ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, సమం వదిలేసి తర్వాత దెబ్బ దగ్గర వేయించింది. కాసేపు తడబడ్డారు. తర్వాత ఆయన కాగితం తీసుకుని చూశారు. రెండు స్వరాలు సమానంగానే రాసున్నాయి. ఇది వాయించేది మాత్రం మొదటిది సాగదీసి, రెండోది కురచగా. "ఓహో, ఒక దెబ్బని మూడు చేసి, రెండు పాళ్ళు దీనికి, ఒక పాలు దానికి. తిశ్రగతి నడక!" అన్నారు. వేగం పెరిగితే ఆ తేడా తగ్గిపోతుందని అది చెప్పింది. మన గమకాలు కూడా కాగితం మీద ఉండవు, గురువు నోట వినే నేర్చుకోవాలి అని ఆయన చెప్పారు. రెండు తరాలు, రెండు సంగీతాలు, మధ్యలో నేను అనువాదం చెయ్యాల్సిన పనే పడలేదు.

ఆయన తెచ్చిన ఏటికొప్పాక బొమ్మ మా హాల్లో ఉంది. ఆ మెరుపు లక్కది. మావాడు వినే ఆ పాత పాటలు మొదట అచ్చయిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు కూడా లక్కతో చేసినవే, ఆ లక్క ఎక్కువగా వెళ్ళింది మన దేశపు అడవుల నుంచే. యుద్ధంలో అది అందక 1942లో అమెరికాలో రికార్డుల తయారీకి కోత పెట్టారు. ఆ మాట చెప్పాక మావాడు ఆ బొమ్మని తీసి చాలాసేపు వేళ్ళతో రుద్ది చూశాడు.

ఆ రాత్రే వాడు తాతయ్యని ఒకటి అడిగాడు. "మన ఊళ్ళో కూడా ఇలా ఉండేదా? పాటంతా ఒకళ్ళది, గుర్తుండేది ఇంకొకళ్ళ పేరా?" మామయ్య గారు తప్పించుకోలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం ఇంకా పెరిగింది. పెళ్ళికీ, జాతరకీ, చావుకీ డప్పు లేనిదే ఊళ్ళో పని జరిగేది కాదనీ, ఆ డప్పు వాయించే మాదిగ కుటుంబాలు ఊరి బయట ఉండేవనీ, వాళ్ళని ఇంటి గడప తొక్కనిచ్చేవారు కాదనీ, తన చిన్నప్పుడు తమ ఇంట్లో కూడా అంతేననీ చెప్పారు. జాతర రాత్రి ఆ దరువు ఎలా మారుతూ వచ్చేదో బల్ల మీద వేళ్ళతో వాయించి చూపించారు.

"వాళ్ళ పేర్లేంటి తాతయ్యా?" అన్నాడు వాడు.

ఆయనకి వెంటనే గుర్తురాలేదు. లేచి, ఊళ్ళో ఉన్న తమ్ముడికి వాట్సాప్ కాల్ చేశారు. రెండు పేర్లు దొరికాయి, వాడు ఫోన్‌లో రాసుకున్నాడు. మిగతావాళ్ళ గురించి ఆ కుటుంబాల్లోనే అడిగి చెప్తానన్నారు చినమామయ్య గారు.